యారాడ కొండ నీడలో ఒక సలహా: ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్రశాస్త్ర అధ్యయనానికి పునాది

వ్యాససంగ్రహం

ప్రపంచ ఉన్నత విద్యలో వచ్చే మార్పులకు దీటుగా నిలవడానికి విశ్వవిద్యాలయాలు బయటి నిపుణుల సలహా తీసుకోవడం కొత్త విషయం కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రలో 1952 తరువాత జరిగిన సముద్రశాస్త్ర స్థాపన ఇందుకు ఒక విశిష్టమైన ఉదాహరణ. అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరుకు అతిథి ఆచార్యుడిగా వచ్చిన సందర్భాన్ని, అంతకు ముందు వచ్చిన విద్యాసంఘాల సిఫారసులతోనూ నేటి సలహా సేవలతోనూ పోల్చి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థానికమైన ప్రశ్న ఉన్నచోట, దానిని మోసే స్థానిక ఆచార్యులున్నచోట మాత్రమే బయటి సలహా వేళ్ళూనుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, యారాడ, విశాఖపట్టణం రేవు, సముద్రశాస్త్రం, లాఫాండ్, మహదేవన్, విద్యాసంఘాలు, సలహా సేవలు.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్టణం రేవు ముఖద్వారానికి దక్షిణంగా సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండను నావికులు డాల్ఫిన్స్ నోస్ అన్నారు. ఊరివారికి అది యారాడ కొండ. కొండకు ఆవల, మూడు వైపుల గుట్టలు, నాలుగో వైపు బంగాళాఖాతం ఉన్న చిన్న తీరగ్రామం యారాడ. కొండకు ఈవల రేవు, నౌకానిర్మాణ కేంద్రం, నౌకాదళ స్థావరం, నగరం ఉన్నాయి. తీరం వెంబడి ఉత్తరంగా వెళితే వాల్తేరు మిట్టపై విశ్వవిద్యాలయం కనిపిస్తుంది. ఒకే తీరం మీద ఉన్న గ్రామం, రేవు, విశ్వవిద్యాలయం అనే ఈ మూడింటినీ కలిపిన విద్యాచరిత్ర ఘట్టం ఒకటి ఉంది. అది తగినంతగా చర్చకు రాలేదు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 2026 నాటికి నూరేళ్ళు. శతాబ్ది సందర్భంలో ఏ సంస్థ అయినా రెండు ప్రశ్నలు వేసుకుంటుంది: ఎలా వచ్చాం? ఇక ఎలా వెళ్ళాలి? రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేడు సలహా సంస్థలు అనేకం సిద్ధంగా ఉన్నాయి. గుర్తింపు నివేదికలు, ర్యాంకుల దస్త్రాలు, అంతర్జాతీయీకరణ ప్రణాళికలు తయారు చేసి ఇవ్వడం ఇప్పుడు ఒక వృత్తి. ఆ సలహాను స్వీకరించాలా వద్దా అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం కాదు. స్వీకరించిన సలహా ఎప్పుడు సంస్థ సొంతమవుతుంది, ఎప్పుడు అలమారలోని నివేదికగా మిగిలిపోతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి జవాబు మొదటి ప్రశ్నలో, అంటే చరిత్రలో వెతకవలసి ఉంటుంది.

2. సలహాల సంప్రదాయం

భారతీయ విశ్వవిద్యాలయాలు బయటి సలహాతోనే పెరిగాయి. 1917-19 మధ్య పనిచేసిన కలకత్తా విశ్వవిద్యాలయ సంఘానికి అధ్యక్షుడు మైకేల్ సాడ్లర్. ఆయన ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ ఉపకులపతి. పరీక్షలు నిర్వహించడానికే పరిమితమైన విశ్వవిద్యాలయం బోధన, పరిశోధనలను స్వయంగా చేపట్టాలన్నది ఆ సంఘం చెప్పిన ముఖ్యమైన మాట. తరువాతి దశాబ్దంలో ఏర్పడిన విశ్వవిద్యాలయాల మీద దాని ప్రభావం ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదట బెజవాడలో అనుబంధ కళాశాలలను పర్యవేక్షించే సంస్థగా ప్రారంభమై, 1930లో వాల్తేరుకు చేరిన తరువాత సొంత బోధనశాఖలను నిర్మించుకుంది.

ఆ నిర్మాణంలో తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి, 1931-36 మధ్య ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ పాత్రలు సుప్రసిద్ధం. రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు సంస్థాన విద్యాశాఖలో పనిచేసి వచ్చినవారు. రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డు ఆచార్య పదవికి వెళ్ళారు. ప్రపంచ విద్యాధోరణులు ఇద్దరికీ పుస్తకాల ద్వారా తెలిసినవి మాత్రమే కావు. అయినా వారి కాలంలో నిలదొక్కుకున్న శాఖలను చూస్తే ఒక విషయం గమనార్హం. 1933లో మొదలైన రసాయన సాంకేతిక విద్య చక్కెర సాంకేతికతతో ఆరంభమైంది. అనకాపల్లి బెల్లం, ఉత్తరాంధ్ర చెరకు ఈ నిర్ణయానికి నేపథ్యం. శాస్త్ర సాంకేతిక కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. పాశ్చాత్య విశ్వవిద్యాలయ రూపం, స్థానిక పంట, స్థానిక దాత కలిసిన చోట కొత్త శాఖ నిలిచింది.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన విశ్వవిద్యాలయ విద్యాసంఘానికి (1948-49) రాధాకృష్ణనే అధ్యక్షులు. ఆ సంఘంలో బ్రిటన్ నుంచి డర్హమ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ డఫ్, అమెరికా నుంచి ఆర్థర్ మోర్గన్, జాన్ టిగర్ట్ సభ్యులుగా ఉన్నారు. మోర్గన్ టెనెస్సీ లోయ సంస్థకు తొలి అధ్యక్షుడు. గ్రామీణ విశ్వవిద్యాలయాల గురించిన అధ్యాయం మీద ఆయన ముద్ర స్పష్టం. ఏడాదికి కనీసం 180 పనిదినాలు ఉండాలన్న సిఫారసు నుంచి విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఏర్పాటు వరకు ఆ నివేదికలోని అనేక అంశాలు దేశ విద్యావ్యవస్థలో చేరాయి. గ్రామీణ విశ్వవిద్యాలయ భావన మాత్రం ఆశించిన రూపంలో దేశమంతటా వ్యాపించలేదు. ఒకే నివేదికలోని ఒక సిఫారసు నిలిచింది, మరొకటి బలహీనపడింది. పరిపాలనా నియమంగా మార్చగలిగినది సులువుగా అమలైంది. స్థానిక సమాజం, ఆచార్యులు కలిసి మోయవలసినది మోసేవారు లేక వెనుకబడింది.

3. కొండ, రేవు, ఇసుక

వాల్తేరులో సముద్రశాస్త్రం ఎందుకు మొలకెత్తిందో తెలియాలంటే రేవు చరిత్రను కొంత చూడాలి. విశాఖపట్టణం స్వయంగా సలహాదారుల నగరం. 1920 దశకం ఆరంభంలో బ్రిటిష్ నౌకాదళ శాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఇక్కడి ఉప్పుటేరు ముఖాన్ని పరిశీలించి రేవుకు అనువైనదని చెప్పాడు. బెంగాల్ నాగపూర్ రైల్వేతో ముడిపడిన ఆ నిర్మాణం పూర్తయి 1933లో ఓడలకు రేవు తెరుచుకుంది. నైరుతి నుంచి వచ్చే గాలికి, అలలకు యారాడ కొండ సహజమైన అడ్డు కావడం ఆ స్థలాన్ని ఎంచుకోవడానికి ఒక ప్రధాన కారణం.

కొండ అలలను ఆపింది గాని ఇసుకను ఆపలేదు. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు తీరానికి ఏటవాలుగా తాకి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య ఋతుపవనాల కాలంలో ఆ దిశ తిరగబడుతుంది. మొత్తం మీద ఏడాదికి ఉత్తరంగా పోయే ఇసుకే ఎక్కువ. రేవు ముఖద్వారానికి లోతైన కాలువ తవ్వినప్పుడు ఈ ఇసుక అందులో మేట వేస్తుంది. దానిని నివారించడానికి కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి, వాటి ఆధారంగా అలలకు అడ్డుకట్ట వేశారు. కట్ట చాటున చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి ఉత్తరతీరం మీదికి పంపవలసి వచ్చింది. పంపకపోతే, దక్షిణం నుంచి రావలసిన ఇసుక అందక నగరం వైపు తీరం కోతకు గురవుతుంది.

ఈ విధంగా 1930లలోనే విశాఖ తీరంలో ఒక ప్రశ్న పుట్టింది: ఇసుక ఎక్కడి నుంచి వస్తోంది, ఏ నెలలో ఎటు పోతోంది, దానిని నడిపే ప్రవాహాల స్వభావం ఏమిటి? రేవు ఇంజనీర్లకు ఇది ఖర్చు లెక్క. తీరంలో నివసించే జాలారి, వాడబలిజ కుటుంబాలకు జీవనోపాధి. తీరానికి కొద్ది దూరంలో పాఠాలు చెబుతున్న ఆచార్యులకు అది క్రమంగా పరిశోధనాంశమైంది.

భూగర్భశాస్త్ర శాఖాధిపతి సి. మహదేవన్ ఆధ్వర్యంలో ఈ తీరపు నల్లఇసుక మీద పని ముందే మొదలైంది. విశాఖపట్టణం జిల్లా తీరపు ఇసుకలోని మోనజైట్ గురించి మహదేవన్, శ్రీరామదాస్ 1948లోనే వ్యాసం ప్రకటించారు. తూర్పుకనుమల ఖొండలైటు శిలలు శిథిలమై, వాగులు, ఏరుల ద్వారా కడలికి చేరి, అలల వల్ల బరువైన ఖనిజాలు ఒడ్డున వేరుపడే ప్రక్రియ వారికి పరిచితం. అంటే బయటి నిపుణుడు రావడానికి ముందే ప్రశ్న ఉంది, దానిని అడుగుతున్న మనుషులున్నారు. లేనిది సముద్రాన్ని కొలిచే విద్య.

4. వాల్తేరుకు వచ్చిన అతిథి ఆచార్యుడు

రెండో ప్రపంచయుద్ధం సముద్రశాస్త్రాన్ని మార్చివేసింది. జలాంతర్గాములను పసిగట్టడానికి నీటిలో ధ్వని ఎలా ప్రయాణిస్తుందో తెలియాలి. అది తెలియాలంటే లోతును బట్టి నీటి ఉష్ణోగ్రత, లవణీయత ఎలా మారతాయో కొలవాలి. సైన్యాన్ని ఒడ్డుకు దించాలంటే అలల తీరును, తీరపు వాలును ముందుగా అంచనా వేయాలి. ఈ అవసరాల వల్ల కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థ వంటివి యుద్ధానంతరం ఎంతో విస్తరించాయి. విద్యారంగంలో ఇది నాటి ప్రపంచవ్యాప్తమైన మార్పు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశంలో, యుద్ధకాలంలో గుంటూరుకు తరలివెళ్ళి తిరిగి వాల్తేరుకు వచ్చిన విశ్వవిద్యాలయం దీనిని అందుకోవడం తేలిక కాదు.

1950 ఫిబ్రవరిలో భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య ఫుల్‌బ్రైట్ ఒప్పందం కుదిరింది. ఆ పథకం కింద 1952-53లో యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. స్క్రిప్స్‌లో పనిచేసి, తరువాత శాన్ డియాగోలోని నౌకాదళ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో చేరిన శాస్త్రవేత్త ఆయన. 1955-56లో మళ్ళీ వచ్చారు. అప్పటి ఉపకులపతి వాసిరెడ్డి శ్రీకృష్ణ 1949 నుంచి 1961 వరకు పదవిలో ఉండడం వల్ల రెండు సందర్శనల మధ్య పరిపాలనా విధానం తెగిపోలేదు. సలహా ఫలించడానికి కావలసిన ఈ కొనసాగింపును సాధారణంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

లాఫాండ్ చేసిన పని స్వరూపం గమనించదగ్గది. ఆయన పాఠ్యప్రణాళికను మాత్రమే రాసిచ్చి వెళ్ళలేదు. భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం శాఖల వారిని ఒకే తీరం మీద పనిచేయించారు. భారత నౌకాదళ ఓడలపై బంగాళాఖాతంలో కొలతలు తీశారు. ఖర్చు లేని మరో ప్రయోగశాల విశ్వవిద్యాలయం ముంగిట ఉన్న ఒడ్డు. నిర్ణీత కాలవ్యవధులలో ఒడ్డు ఎత్తును కొలిచి, అది ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు తరుగుతోందో నమోదు చేశారు. ఆర్. ప్రసాదరావుతో కలిసి వాల్తేరు దగ్గరి తీరకోత చక్రాల గురించి రాసిన వ్యాసం ఈ కృషి ఫలితం. తీరకోతను ఒక్కొక్క ఉపద్రవంగా కాక, అలలు, ప్రవాహాలు, సముద్రమట్టం కలిసి నడిపే ఋతుచక్రంగా చూడడం ఆ అధ్యయనం చూపిన దారి.

సముద్రమట్టం సంగతే చూద్దాం. విశాఖపట్టణంలో అది మార్చి ప్రాంతంలో తక్కువగా, అక్టోబరు-నవంబరు నెలలలో ఎక్కువగా ఉంటుంది. సంవత్సరంలోని ఈ ఎగుడుదిగుడు బంగాళాఖాతపు తీరంలో చెప్పుకోదగినంత పెద్దది. వేసవికి ముందు తీరం వెంబడి ప్రవాహం ఈశాన్యంగా సాగేటప్పుడు ఉపరితల జలం ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుంది. అడుగున ఉన్న చల్లని, పోషకాలు గల నీరు పైకి వస్తుంది. ఋతుపవనాల తరువాత ప్రవాహం నైరుతికి తిరిగినప్పుడు ఉపరితల జలం ఒడ్డున చేరి కిందికి దిగుతుంది. తూర్పుతీరంలో ఈ పైకి లేవడం, కిందికి దిగడం గురించి లాఫాండ్ 1954లో ప్రకటించిన చిన్న వ్యాసాన్ని తరువాతి పరిశోధకులు పదే పదే ఉదహరించారు. చేపల లభ్యత మొదలు వాతావరణం వరకు దీనితో సంబంధమున్న అంశాలు అనేకం.

ఈ పరిశోధనలన్నీ అమెరికా పత్రికలలోనే వెలువడి ఉంటే వాల్తేరు కేవలం నమూనాలు సేకరించిన స్థలంగా మిగిలేది. అలా జరగలేదు. విశ్వవిద్యాలయమే సముద్రశాస్త్ర స్మారక సంపుటాలను తన ప్రచురణలుగా వెలువరించింది. మొదటిది 1954లో, రెండవది 1958లో వచ్చాయి. అతిథి ఆచార్యుడి పేరు పక్కనే స్థానిక ఆచార్యుల, పరిశోధక విద్యార్థుల పేర్లు వాటిలో కనిపిస్తాయి.

5. అతిథి వెళ్ళిన తరువాత

సలహాదారు ఉన్నప్పటి సందడిని బట్టి సలహా విలువను నిర్ణయించలేం. ఆయన వెళ్ళిన పదేళ్ళకు ఏమి మిగిలిందో చూడాలి. వాల్తేరులో మిగిలినవి మూడు.

మొదటిది మనుషులు. వాల్తేరు తీరజలాల్లో అడుగునీరు పైకి రావడం గురించి 1950లలో ఇక్కడే సిద్ధాంతగ్రంథం సమర్పించిన వి. వి. ఆర్. వరదాచారి తరువాతి కాలంలో గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు సంచాలకులయ్యారు. ఆ జాతీయ సంస్థ 1966 జనవరిలో ఏర్పడింది. దానికి ముందు 1959-65 మధ్య సాగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనయాత్ర నేపథ్యంగా ఉంది. భారతదేశం ఆ యాత్రలో పాల్గొనే నాటికే సముద్రాన్ని కొలవడం తెలిసిన ఒక బృందం వాల్తేరులో సిద్ధంగా ఉంది.

రెండవది శాఖ. ఒకప్పుడు భిన్నశాఖల మధ్య ఉమ్మడి ఆసక్తిగా ఉన్న విషయం కాలక్రమంలో వాతావరణ, సముద్ర విజ్ఞాన శాఖగా స్థిరరూపం పొందింది. 1969లో నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల నగరానికి వచ్చింది. జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా తరువాత ఇక్కడ ఏర్పడింది. నౌకాదళం, రేవు, నౌకానిర్మాణం ఉన్న నగరంలో ఇవి రావడం సహజమే. అయినా వాటికి కావలసిన విద్యావంతులు అప్పటికే ఇక్కడ తయారవుతుండడం కూడా గుర్తుంచుకోవలసిన విషయం.

మూడవది పేర్లు. తూర్పుతీరపు ఖండాంచలం మీద గుర్తించిన సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణా అనే పేర్లు స్థిరపడ్డాయి. 1964లో వెలువడిన లాఫాండ్ వ్యాసం శీర్షికలోనే ఆ మూడు పేర్లున్నాయి. ఒక విశ్వవిద్యాలయం పేరు, దాని ఆచార్యుడి పేరు సముద్రం అడుగున నిలిచాయి. సలహాదారు తన పేరు పెట్టుకోలేదన్నది ఇక్కడ ఆలోచించదగిన విషయం. తరువాత అంతర్జాతీయ సముద్ర భౌతికశాస్త్ర సంఘానికి ఆయన ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. వర్ధమాన దేశాల సముద్రశాస్త్రవేత్తలకు ఆ సంఘం ఇచ్చే పతకానికి నేడు ఆయన పేరుంది.

మరొక సంబంధం కూడా ఉంది. 1964-66 నాటి కొఠారి విద్యాసంఘంలో విదేశీ సభ్యులుగా లండన్ నుంచి ఎల్విన్, ఫ్రాన్సు నుంచి జాఁ తోమా, జపాను నుంచి ఇహారా, సోవియట్ రష్యా నుంచి షుమోవ్‌స్కీ, అమెరికా నుంచి రోజర్ రెవెల్ ఉన్నారు. రెవెల్ అంతవరకు స్క్రిప్స్ సంస్థ సంచాలకుడు. అంటే ఒకే సంస్థ నుంచి భారతీయ ఉన్నత విద్యకు సలహా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ఢిల్లీలో దేశవ్యాప్త నివేదికగా, మరొకటి వాల్తేరు ఒడ్డున కొలబద్దగా. రెండూ అవసరమే. కాని మొదటిదాని గురించి మన విద్యాచరిత్రలు విస్తారంగా రాశాయి. రెండోదానికి దక్కిన స్థానం స్వల్పం.

6. పోలికకు ఒక ఉదాహరణ

వాల్తేరు అనుభవం ఏకైకం కాదని చూపడానికి తెలుగునేలనుంచే మరో ఉదాహరణ తీసుకోవచ్చు. 1964లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అమెరికా భూదాన విశ్వవిద్యాలయాల నమూనాను అనుసరించింది. కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆ రూపకల్పనకు తోడ్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్నది ఆ నమూనా సారం. అది ఇక్కడ నిలవడానికి కారణం కాన్సాస్ గొప్పతనం మాత్రమే కాదు. బాపట్ల వంటి చోట్ల అప్పటికే పనిచేస్తున్న వ్యవసాయ కళాశాలలు, పరిశోధన క్షేత్రాలు, వరి, మిరప, వేరుశనగ రైతుల సమస్యలు ఆ నమూనాకు నేల అయ్యాయి. వాల్తేరులో ఒకే ఆచార్యుడు, స్వల్ప వ్యయం. హైదరాబాదులో ప్రభుత్వాల ఒప్పందం, భారీ సహాయం. పరిమాణం వేరైనా రెండుచోట్లా సలహాను అందుకునే చేతులు ముందే ఉన్నాయి.

7. పరిమితులు

ఈ చరిత్రను కీర్తనగా ముగిస్తే అది అసంపూర్ణం. ఫుల్‌బ్రైట్ పథకం విద్యావినిమయమే గాని, ప్రచ్ఛన్నయుద్ధ కాలపు దౌత్యంలో భాగం కూడా. బంగాళాఖాతపు లోతులు, ఉష్ణోగ్రతలు శాస్త్రానికి ఎంత ముఖ్యమో నౌకాదళాలకు అంతే ముఖ్యం. జ్ఞానం ఎవరి నిధులతో, ఎవరి ఓడలపై సేకరించబడింది అన్న ప్రశ్నను చరిత్రకారుడు పక్కన పెట్టలేడు.

రెండో పరిమితి భాషకు సంబంధించినది. స్మారక సంపుటాలు ఆంగ్లంలో వెలువడ్డాయి. ప్రవాహం తిరిగే కాలాన్ని, నీటి రంగును, చేప వచ్చే దిక్కును తరతరాలుగా గమనించిన మత్స్యకారుల జ్ఞానానికి ఈ శాస్త్రచరిత్రలో తగిన చోటు దొరకలేదు. యారాడ ఒడ్డున వల లాగే మనిషికి తెలిసినదానికీ, వాల్తేరు మిట్టపై పట్టికలో రాసినదానికీ మధ్య వంతెన కట్టే పని జరగవలసినంతగా జరగలేదు. తెలుగులో సముద్రశాస్త్ర పరిభాష నేటికీ పలుచగా ఉండడం దీని పర్యవసానాల్లో ఒకటి.

మూడవది, శాస్త్రం చెప్పినంత మాత్రాన పరిపాలన వినదు. 1970లలో బాహ్య నౌకాశ్రయం వచ్చింది, కొత్త అడ్డుకట్టలు లేచాయి. ఇసుకను ఉత్తరతీరానికి చేర్చే పని అప్పుడూ ఇప్పుడూ డ్రెడ్జర్ల మీదనే ఆధారపడి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరాన్ని దాటిన తరువాత రామకృష్ణా బీచ్ కోత మళ్ళీ ప్రజల నోట చర్చగా మారింది. 1954లో ముద్రితమైన ప్రశ్న అరవై ఏళ్ళ తరువాత కూడా సజీవంగా ఉండడం పరిశోధన వైఫల్యం కాదు, పరిశోధనకూ నిర్ణయానికీ మధ్య ఉన్న దూరం.

8. నేటి సలహా, నేటి కొలమానం

1994లో జాతీయ మదింపు, గుర్తింపు మండలి ఏర్పడింది. 2015లో జాతీయ ర్యాంకుల చట్రాన్ని ప్రకటించారు. 2020 జాతీయ విద్యావిధానం 2035 నాటికి ఉన్నత విద్యలో స్థూల నమోదును 50 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టింది. 2023లో విదేశీ విశ్వవిద్యాలయాల ప్రాంగణాలకు నిబంధనలు వచ్చాయి. ఇన్ని మార్పుల మధ్య విశ్వవిద్యాలయాలు సలహా సంస్థలను ఆశ్రయించడం తప్పుపట్టవలసిన పని కాదు. దత్తాంశాల నిర్వహణ, విదేశీ ఒప్పందాల చట్టపరమైన అంశాలు, విద్యార్థుల రాకపోకల ఏర్పాట్లు వంటి వాటిలో వారి నైపుణ్యం ఉపయోగకరమే.

చిక్కు ప్రశ్న ఎక్కడి నుంచి పుడుతుందన్న దగ్గర ఉంది. వాల్తేరులో ప్రశ్న ముందు, సలహా తరువాత. నేడు తరచుగా కొలమానం ముందు వస్తుంది. దానికి తగిన సమాధానం కోసం సలహాదారు వస్తాడు. సంస్థకు ఏమి తెలియాలి అన్నదాని స్థానంలో పట్టికలో ఏ గడి ఖాళీగా ఉంది అన్నది ప్రశ్నగా మారుతుంది. జాతీయ ర్యాంకుల చట్రంలో బోధన వనరులు, పరిశోధన, పట్టభద్రుల ఫలితాలు, సామాజిక విస్తృతి, అభిప్రాయం అనే అయిదు అంశాలున్నాయి. అవి నిరర్థకం కావు. కాని విశ్వవిద్యాలయం తానే అచ్చువేసిన 1954 నాటి సముద్రశాస్త్ర సంపుటాన్ని నేడు ఒక అధ్యాపకుడు తన పరిశోధన ఫలితంగా సమర్పిస్తే, సూచీకృత పత్రికల జాబితాలో లేదన్న కారణంతో దానికి లభించే విలువ అతిస్వల్పం. ఆ తీరం మీద తరువాతి అర్ధశతాబ్దపు పరిశోధనకు పునాది వేసిన గ్రంథానికి నేటి కొలబద్ద మీద గీత లేదు. కొలబద్దను సవరించమని అడిగే అధికారం విశ్వవిద్యాలయానికి ఉండాలి. అడగడానికి కావలసిన ఆత్మవిశ్వాసం తన చరిత్ర తెలిసినప్పుడే వస్తుంది.

కనుక సలహాను స్వీకరించే ముందు మన విశ్వవిద్యాలయాలు వాల్తేరు అనుభవం నుంచి మూడు పరీక్షలు పెట్టుకోవచ్చు. ఈ సలహా జవాబు చెప్పే ప్రశ్న మన ప్రాంతంలో పుట్టిందా? సలహాదారు రాకముందు దానిమీద పనిచేస్తున్నవారు, వెళ్ళాక కొనసాగించేవారు మన శాఖల్లో ఉన్నారా? ఈ పని ఫలితం మన గ్రంథాలయంలో, మన విద్యార్థుల చేతిలో, వీలైతే మన భాషలో మిగులుతుందా? మొదటి రెండు పరీక్షల్లో 1950ల వాల్తేరు నెగ్గింది. మూడోదానిలో సగమే నెగ్గింది. ఆ మిగిలిన సగం నేటి తరం బాధ్యత. ఒప్పంద కాలం ముగిసేలోగా స్థానిక అధ్యాపకులు స్వయంగా ఆ పని చేయగలగాలన్న షరతును ప్రతి సలహా ఒప్పందంలో చేర్చడం ఈ దిశలో కనీసపు అడుగు. శాఖలో ఖాళీలు నింపకుండా సలహా మాత్రం కొనుక్కుంటే దానిని అందుకునే చేతులే ఉండవు.

9. ముగింపు

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్రశాస్త్రం ఒక విదేశీ నిపుణుడు తెచ్చి నాటిన మొక్క కాదు. మహదేవన్ వంటి ఆచార్యులు ముందే దున్నిన నేలలో పడిన విత్తనం. రేవు ముఖంలో మేటవేసిన ఇసుక ఆ ప్రశ్నను అడిగింది, ఋతువుకొకసారి దిశ మార్చే ప్రవాహం దానిని పెంచింది, రెండు సందర్శనల మధ్య స్థిరంగా ఉన్న పరిపాలన దానిని కాపాడింది. లాఫాండ్ ఇచ్చింది పద్ధతి. దానిని సొంతం చేసుకున్నది స్థానికులు.

ప్రపంచ ఉన్నత విద్యలో మార్పు ఆగదు. సలహా కూడా ఆగదు, ఆగనక్కరలేదు. శతాబ్ది దాటుతున్న ఒక విశ్వవిద్యాలయం తన భవిష్యత్తు గురించి బయటివారిని అడిగే ముందు, తన తీరం తనను ఏమి అడుగుతోందో వినాలి. యారాడ కొండ పక్కగా ఇసుక నేటికీ ఉత్తరానికి కదులుతూనే ఉంది. దానిని మళ్ళీ క్రమం తప్పక కొలిచి, ఆ కొలతల అర్థాన్ని తీరంలో నివసించేవారికి తెలుగులో చెప్పగలిగే విద్యార్థులను తయారు చేయడం, ఏ ర్యాంకుల పట్టికా అడగకపోయినా, విశ్వవిద్యాలయం చేయవలసిన పని.